టెక్సాస్ రాంచ్‌లో అడవి పంది వేట: ఏ ప్యాకేజీ ఎవరికి సరిపోతుంది

డాలస్ నుంచో హ్యూస్టన్ నుంచో నలుగురు స్నేహితులు కలిసి ఒక వారాంతం పంది వేటకు పోదామని వెతకడం మొదలుపెడితే రాంచ్ ప్రకటనలన్నీ ఒకే అచ్చులో కనిపిస్తాయి. కోరలున్న మగ పంది, దాని వెనక మోకాళ్ల మీద కూర్చుని నవ్వుతున్న మనిషి, కింద ధర. ఆ ధర మాత్రం ఒకచోట నూటయాభై డాలర్లు, ఇంకోచోట రెండు మూడు వేలు. సరుకు వేరు కాబట్టే ధర వేరు. కంచె ఎలాంటిది, వేట పద్ధతి ఏది, ఏ నెలలో వెళ్తున్నారు అన్న మూడూ తేలితే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి. తుపాకీ గురించి అందరూ ముందే కొట్టుకుంటారు గానీ దాని వంతు చివర్న వస్తుంది.

వీసా మీద ఉన్నవాళ్లు మాత్రం ఇవేవీ చూడకముందే ఒక సంగతి తేల్చుకోవాలి.

లైసెన్సు అక్కర్లేదన్న మాట ఎవరికి వర్తిస్తుంది

టెక్సాస్‌లో అడవి పందికి సీజన్ లేదు, ఇన్నే కొట్టాలన్న లెక్క లేదు, ప్రైవేటు భూమిలో రాత్రిపూట కూడా కొట్టొచ్చు. 2019 సెప్టెంబర్ 1 నుంచి, ప్రైవేటు భూమిలో యజమాని అనుమతి ఉంటే హంటింగ్ లైసెన్సు కూడా అవసరం లేదు. కాబట్టి రాంచ్ వాళ్లు ఫోన్లో “లైసెన్సు అక్కర్లేదు” అంటే అబద్ధమేమీ కాదు. సిటిజన్లకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఆ మాట చాలు.

హెచ్‌-1బీ, హెచ్‌-4, ఎల్‌-1, ఎఫ్‌-1, బీ-2 లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లకు చాలదు. వీళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం (18 యూఎస్‌సీ 922) చెబుతుంది. దానికున్న మినహాయింపుల్లో మనకు పనికొచ్చేది ఒకటే: అమెరికాలో చట్టప్రకారం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు చేతిలో ఉండటం. అంటే పందిని కొట్టడానికి టెక్సాస్ అడగని లైసెన్సు, తుపాకీ పట్టుకోవడానికి మీకు కావాలి. రాంచ్ వాళ్ల అద్దె తుపాకీ అయినా అంతే. గైడ్‌కి ఈ సంగతి తెలియకపోవచ్చు, తెలుసుకోవాల్సిన పని ఆయనకు లేదు కూడా. వీసా మీది, చిక్కు వస్తే మీకే.

ఖర్చు పెద్దదేం కాదు. టెక్సాస్‌లో వరసగా ఆరు నెలలకు పైగా ఉంటున్నవాళ్లకు రెసిడెంట్ హంటింగ్ లైసెన్సు 25 డాలర్లు. బయటి రాష్ట్రం నుంచి వచ్చేవాళ్లకు ఐదు రోజుల స్పెషల్ లైసెన్సు 48 డాలర్లు, ఏడాది స్పెషల్ అయితే 132. తప్పు జరిగేది రెండు చోట్ల. మొదటిది గడువు. టెక్సాస్ లైసెన్సు సంవత్సరం ఆగస్టు 31తో ముగుస్తుంది. జూలైలో కొన్న ఏడాది లైసెన్సు సెప్టెంబర్ ట్రిప్పుకు పనికిరాదు. రెండోది, ఐదు రోజుల లైసెన్సు తీసుకుని అంతకు వారం ముందే రేంజ్‌లో ప్రాక్టీసుకు వెళ్లడం. రేంజ్‌లో తుపాకీ పట్టుకున్న రోజుకి కూడా లైసెన్సు ఉండాలి కదా! అక్కడే ఉండేవాళ్లయితే 25 డాలర్లది తీసుకుంటే ఈ గొడవ ఉండదు. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చి ఉంటే వెంట వచ్చి చూడటానికి అభ్యంతరం లేదు. ఫొటో కోసం మాత్రం వాళ్ల చేతికి రైఫిల్ ఇవ్వకండి. గ్రీన్‌కార్డు దరఖాస్తు నడుస్తున్నవాళ్లు, స్టేటస్ మారుతున్నవాళ్లు లాయర్‌ని అడిగాకే అడుగు వేయాలి.

1971 సెప్టెంబర్ 2న, ఆ తర్వాత పుట్టినవాళ్లకు టెక్సాస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు ఉంది. 17 ఏళ్లు దాటితే మొత్తం ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు. ఎప్పుడూ తుపాకీ పట్టనివాళ్లు నిబంధనతో పని లేకుండా అది చేసి వెళ్లడమే మంచిది.

ఎత్తు కంచెనా, పొట్టి కంచెనా

“లో ఫెన్స్” అంటే పశువుల కోసం వేసిన మామూలు ముళ్ల కంచె. పందికి అది లెక్కలోకి రాదు, కింద నుంచి దూరిపోతుంది. అక్కడి పందులు ఇవాళ ఈ రాంచ్‌లో, రేపు పక్క చేలో తిరిగేవి. రాష్ట్రంలోని 254 కౌంటీల్లో 253 చోట్ల ఉన్నాయి, మొత్తం 20 లక్షలకు పైమాటే. ఇంత ఉన్నా, మీరు వెళ్లిన రాత్రి ఆ రాంచ్‌లో ఉంటాయన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. ఇస్తున్నారంటే అనుమానించాలి.

“హై ఫెన్స్” అంటే జింకలు కూడా దూకలేని ఎనిమిది అడుగుల వల కంచె. లోపల పందులు బయటికి పోవు కాబట్టి “కొట్టకపోతే డబ్బు వద్దు” అనగలుగుతారు. ఇక్కడ ముందు అడగాల్సింది ఎకరాల లెక్క. వెయ్యి ఎకరాల పొదల్లో వేటాడటం వేరు, యాభై ఎకరాల్లో వేటాడటం వేరు. ఆ రెండోదాన్ని వేట అనడానికి నాకు నోరు రాదు.

ప్రకటనల్లో కనిపించని తేడా ఇంకొకటుంది. బయట పట్టిన పందుల్ని అనుమతి ఉన్న వేట ప్రాంగణాల్లోకి వదలాలంటే టెక్సాస్ పశు ఆరోగ్య కమిషన్ నిబంధన ప్రకారం మగవాటినే వదలాలి, లోపల సంతతి పెరగకుండా. అందుకే హై ఫెన్స్‌లో ఎక్కువగా దొరికేది మగ పంది. గోడకు తగిలించుకోవడానికి కోరలు కావాలంటే అది సరైన చోటే. ఇంట్లో వండుకోవడానికైతే ఈడొచ్చిన మగ పంది మాంసంలో ఒక కంపు ఉంటుంది, మసాలా ఎంత దట్టించినా కొందరికి సహించదు. కూరకు యాభై నుంచి వంద పౌన్ల ఆడ పందిని మించింది లేదు, అది దొరికేది లో ఫెన్స్‌లో.

డబ్బు కూడా మెలికతోనే ఉంటుంది. హై ఫెన్స్ ప్రకటనలో పెద్ద అక్షరాల్లో ఉండే ధర మామూలుగా చిన్న పందిది. ఫలానా బరువు దాటితేనో కోరలు ఇన్ని అంగుళాలు ఉంటేనో ఇంకో రేటు. పొదల్లో చీకట్లో బరువు అంచనా వేయడం అనుభవజ్ఞులకే కష్టం, గైడ్ “కొట్టు” అన్నాక కొడతారు, తీరా తక్కెడ మీద పెట్టాక బిల్లు రెట్టింపు. ఎవరి అంచనా తప్పితే ఎవరిది భారమో ముందే రాయించుకోండి. రెండు రకాల రాంచ్‌ల్లోనూ సాధారణంగా ఉండే నియమం మరోటి: రక్తం కనిపిస్తే డబ్బు కట్టాల్సిందే, పంది దొరికినా దొరక్కపోయినా.

ఒక్కరోజే తీరిక ఉండి, వట్టి చేతులతో రావడం ఇష్టం లేనివాళ్లకు, ఎక్కువ నడవలేని పెద్దవాళ్లు వెంట ఉన్నవాళ్లకు హై ఫెన్స్. మిగతా అందరికీ లో ఫెన్స్.

మంచె, నడక, థర్మల్, కుక్కలు, హెలికాప్టర్

అన్నిటికంటే చవకైనది మంచె పద్ధతి. అక్కడ దాన్ని బ్లైండ్ అంటారు: నాలుగు పక్కలా మూసిన చిన్న పెట్టె, నేల మీదో పది పదిహేను అడుగుల ఎత్తులోనో. ఎదురుగా ఎనభై వంద గజాల్లో మొక్కజొన్న ఫీడర్, రోజూ ఒకే సమయానికి కొన్ని సెకన్లు తిరిగి గింజలు చల్లుతుంది. పొద్దువాలే ముందు రెండు గంటలు, తెల్లవారాక రెండు గంటలు కదలకుండా కూర్చోవాలి. తుపాకీ కిటికీ మీద ఆనుతుంది, దూరం ముందే తెలుసు, పంది ఆగి తింటుంది. మొదటిసారి కాల్చేవాళ్లకు ఇంతకంటే సులువు లేదు. ఓడించేది గాలి. పందికి చూపు అంతంతమాత్రం, ముక్కు మాత్రం అసాధ్యమైనది. ఫీడర్ మీంచి మీ వైపు గాలి రావాలి. మీ వీపు మీంచి అటు వీస్తుంటే అత్తరు, సిగరెట్టు, పొట్లంలోని పులిహోర వాసన అన్నీ ముందే చేరిపోతాయి. గాలి తిరిగిన సాయంత్రం గైడ్ వేరే బ్లైండ్‌కి మారుస్తానంటే సంతోషించండి, పని తెలిసిన మనిషి అన్నమాట. “ఏం ఫర్లేదు, ఇక్కడే కూర్చోండి” అనేవాళ్ల దగ్గర ఒకే బ్లైండ్ ఉందని అర్థం.

నడిచి వెతికే పద్ధతి, స్పాట్ అండ్ స్టాక్, చలికాలం పగటిపూట బాగుంటుంది. వాగుల అంచులు, బురద గుంటలు, కొత్తగా ముట్టెతో తవ్విన నేల చూసుకుంటూ గాలికి ఎదురు నడవాలి. రోజుకి నాలుగైదు మైళ్లు నడవగలిగితే, నిలబడి ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండు) మీద ఆనించి కాల్చడం వచ్చి ఉంటే తీసుకోండి. ఇద్దరికి మించితే కుదరదు. నలుగురు నడిస్తే అరమైలు దూరం నుంచే వినిపిస్తుంది.

రాత్రి థర్మల్ వేటకే ఇప్పుడు గిరాకీ అంతా. ఒంటి వేడిని పట్టే స్కోపులో నల్లని చీకట్లో పందులు తెల్లగా మెరుస్తూ కనిపిస్తాయి. వేసవిలో పందులు పగలు బయటికి రావు, వాటికి చెమట గ్రంథులు పనిచేయవు కాబట్టి బురదలో పడుకుని చీకటిపడ్డాకే కదులుతాయి. అందుకని మే నుంచి సెప్టెంబర్ దాకా థర్మల్ తప్ప మిగతావి దండగ. గైడ్, థర్మల్ రైఫిల్ కలిపి మనిషికి ఒక రాత్రికి మామూలుగా రెండున్నర వందల నుంచి ఐదు వందల డాలర్లు. బండిలో చేల వెంట తిరుగుతూ గుంపు కనిపిస్తే దిగి, గాలి చూసుకుని, నూరు గజాల లోపలికి నడిచి, ట్రైపాడ్లు వరసగా నిలబెట్టి, గైడ్ “మూడు, రెండు, ఒకటి” అనగానే అందరూ ఒకేసారి కాలుస్తారు. మొదటి తూటాకే గుంపు చెదిరిపోతుంది కాబట్టి ఆ లెక్క.

థర్మల్‌లో జాగ్రత్తపడాల్సిన విషయం ఇది: స్కోపు ఐదు వందల గజాల్లో వేడి చుక్కని చూపిస్తుంది, కానీ అది ఏ జంతువో తేలేది అందులో నాలుగో వంతు దూరంలో. మధ్యలో దూడలుంటాయి, జింకలుంటాయి, రాంచ్ కుక్కలుంటాయి. ఒక దూడని కొడితే దాని ఖరీదు మొత్తం ట్రిప్పు ఖర్చుని మించిపోతుంది. తల కిందికి, వీపు వంపుగా, తోక చిన్నగా ఊగుతూ, కాళ్లు పొట్టిగా కనిపించే వరకు ట్రిగ్గర్ జోలికి పోకూడదు. పంది వెనకాల ఏముందో థర్మల్ సరిగా చూపించదు, ఇల్లో రోడ్డో ఏ దిక్కున ఉందో పగలే చూసుకోవాలి. ఛాంబర్‌లో, అంటే తుపాకీలో పేలడానికి సిద్ధంగా తూటా కూర్చునే చోట, తూటా పెట్టేది ట్రైపాడ్ దగ్గర నిలబడ్డాకే, బండిలో ఖాళీ. ఈ మాట గైడ్ మొదటి పది నిమిషాల్లో చెప్పకపోతే ఆ రాంచ్ వద్దు.

కుక్కలతో వేట పాత పద్ధతి. కొన్ని కుక్కలు వాసనపట్టి పందిని నిలబెడతాయి, బలమైనవి చెవి పట్టుకుంటాయి, మనిషి వెనక నుంచి వెళ్లి కాలు పట్టి కత్తితో పొడుస్తాడు. టెక్సాస్‌లో చట్టబద్ధమే. కుక్కలు కోరలకు చీరుకుపోవడం మామూలు, మనుషులు తొడలు చీల్చించుకోవడం అరుదు కాదు. మొదటి ట్రిప్పుకి ఎవరికీ సలహా ఇవ్వం.

హెలికాప్టర్ వేట 2011 చట్టంతో డబ్బు కట్టి వెళ్లేవాళ్లకూ అందుబాటులోకి వచ్చింది. (2017లో హాట్ ఎయిర్ బెలూన్‌కీ అనుమతించారు, నెమ్మదిగా, గాలి ఎటు తోస్తే అటు పోయే వాహనంలోంచి పంది వేట ఏమిటో ఆ శాసనసభకే తెలియాలి.) ఖర్చు వేలల్లో, వేగంగా కదిలే లక్ష్యం మీద సెమీ ఆటోమేటిక్‌తో కాల్చాలి, ముందు భద్రతా తరగతి ఉంటుంది. చచ్చిన పందులు మైళ్ల పొడవునా చెల్లాచెదురుగా పడతాయి కాబట్టి మాంసం మీద ఆశ పెట్టుకోకూడదు. రైతు పంట కాపాడటానికి అది పనికొచ్చే సాధనం. కూరకు వెళ్లేవాళ్లది కాదు.

నలుగురు కొత్తవాళ్ల గుంపుకి మా ఓటు సాయంత్రం బ్లైండ్, రాత్రి థర్మల్ కలిపి ఇచ్చే ఒకటిన్నర రోజుల ప్యాకేజీకి. బ్లైండ్‌లో తుపాకీ అలవాటవుతుంది, రాత్రి అవకాశాలు పెరుగుతాయి.

ఏ నెల

జనవరి మధ్య నుంచి మార్చి దాకా. అప్పటికి జింకల సీజన్ ముగిసి రాంచ్‌లు ఖాళీ అవుతాయి, ఓక్ కాయలు అయిపోయి పందులు ఆకలితో ఫీడర్లకు వస్తాయి, పాములు అంతగా బయటికి రావు, మాంసం త్వరగా చెడదు. నవంబర్, డిసెంబర్‌లలో చాలా రాంచ్‌లు జింకల వేటగాళ్లకే పరిమితం, పంది ప్యాకేజీ ఇచ్చినా మిగిలిపోయిన మూల చూపిస్తారు. పంట మీద పడే చోట్ల, అంటే మొక్కజొన్న, వేరుసెనగ వేసే చోట్ల, విత్తనం వేసిన వారం కూడా మంచి కాలమే.

తుపాకీ, తూటా ఎక్కడ తగలాలి

సొంతది కొనక్కర్లేదు, రాంచ్ ఇచ్చేది చాలు. తూటా సైజుల్లో .308, 6.5 క్రీడ్‌మోర్, .300 బ్లాకౌట్ ఏదైనా సరిపోతుంది. .223 కూడా పడేస్తుంది గానీ పగలకుండా లోపలికి దిగే బాండెడ్ రకం లాంటి తూటా ఉండాలి. చిన్న జంతువుల కోసం చేసిన వార్మింట్ తూటాలు పైపైనే పగిలిపోతాయి. ఎందుకంటే పెద్ద మగ పందికి భుజాల మీద అంగుళం పైగా మందంలో గట్టి తోలుకవచం ఉంటుంది.

పంది గుండె, ఊపిరితిత్తులు జింకలో కంటే కిందికి, ముందుకి ఉంటాయి. జింకని కొట్టినట్టు భుజం వెనక నడి ఎత్తులో కొడితే పొట్టలో తగులుతుంది, పంది అరమైలు పరిగెత్తి పొదల్లో చస్తుంది, మీరు డబ్బు కడతారు. పక్కకి నిలబడినప్పుడు ముందరి కాలు గీతని పైకి పట్టుకుని, ఒంటి ఎత్తులో కింది మూడో వంతు దగ్గర, భుజం మీదే కొట్టాలి. చెవి కింద కొడితే అక్కడికక్కడే పడుతుంది, మాంసం పాడవదు, కానీ తింటున్న పంది తల ఊరుకోదు. ఏఆర్-15 తరహా రైఫిల్‌తో ఇరవై గజాల్లో చెవికి గురిపెట్టేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, స్కోపు అనేది తుపాకీ గొట్టం కంటే రెండున్నర అంగుళాల ఎత్తులో ఉంటుంది. నూరు గజాలకి గురి సరిచేసిన (జీరో చేసిన) తుపాకీ అంత దగ్గర్లో ఒకటిన్నర రెండు అంగుళాలు కిందికి కొడుతుంది. వెళ్లగానే రాంచ్ రైఫిల్‌తో మూడు తూటాలు కాగితం మీద కాల్చి చూసుకోనివ్వమని అడగండి. కాదంటే కారణం అడగండి.

బుక్ చేసేముందు ఫోన్లో

గత రెండు వారాల ట్రెయిల్ కెమెరా (జంతువు కదిలితే తనంతట తానే ఫొటో తీసేది) ఫొటోలు తేదీ, సమయం కనిపించేలా పంపమనండి. పాత ఫొటోలతో నెట్టుకొచ్చేవాళ్లు ఇక్కడే తడబడతారు. ఆ రాత్రి ఇంకెంతమంది వేటగాళ్లు ఉంటారు, ఒక గైడ్‌కి ఎందరు, వానొస్తే తేదీ మారుస్తారా, బయటి తుపాకీ తెస్తే తగ్గింపు ఉందా, థర్మల్ అద్దె ధరలో కలిసిందా, పంది కోయడానికి వేరే రేటా, శుభ్రం చేసే చోట నీళ్లు, కొక్కెం, చల్లటి గది ఉన్నాయా. పదిహేను ఇరవై శాతం టిప్ లెక్కలో వేసుకోవాలి, అది ఏ ప్రకటనలోనూ రాయరు.

మాంసం

ఇక్కడ పొరపాటు చేస్తే ఒంటికి తగులుతుంది. అడవి పందుల్లో బ్రూసెల్లా, లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా, ట్రైకినెల్లా అనే పురుగు ఉండొచ్చు. కోసేటప్పుడు నైట్రైల్ గ్లోవ్స్ రెండు పొరలు, కళ్లద్దాలు, చేతి మీద గాటు ఉంటే కత్తి ఇంకొకరికివ్వండి. పేగులు కోసుకోకుండా ఉండాలంటే పొట్ట తెరవకుండానే నాలుగు కాళ్లు, వీపు పట్టీలు తీసే పద్ధతి చూపించమని గైడ్‌ని అడగండి. పట్టణాల మార్కెట్లలో చూసినట్టు తోలుతోటే కాల్చి గీకాలంటే అక్కడ ఏర్పాట్లు ఉండవు, తోలు తీసేయడమే.

బరువులో ఎముక లేని మాంసం నలభై శాతం లోపే వస్తుంది. ఎనభై పౌన్ల ఆడ పందికి ముప్పై పౌన్లు, నాలుగు ఇళ్లకు పంచుకోవడానికి సరిగ్గా సరిపోతుంది. పందికో డెబ్బై క్వార్టుల కూలరు, నలభై పౌన్ల ఐసు. ఐసు కరిగిన నీళ్లలో మాంసం నానితే పాలిపోయి చెడుతుంది, కాబట్టి కూలర్ కింది బిరడా తీసి, కొద్దిగా వాల్చి పెట్టి, ఐసు మళ్లీ నింపుతుండాలి. కారు డిక్కీలో సంచుల్లో కుక్కి నాలుగు గంటలు నడిపితే వేసవిలో ఇంటికొచ్చేసరికి పారేయడమే. బతికున్న పిల్లని మాత్రం ముచ్చటపడి బండెక్కించకండి. అనుమతి లేకుండా బతికున్న అడవి పందిని తరలించడం టెక్సాస్‌లో నేరం.

ఫ్రీజర్‌లో పెట్టినంత మాత్రాన రోగక్రిములు చస్తాయనుకోవద్దు. ముక్క మధ్యలో 160 ఫారన్‌హీట్, అంటే 71 సెల్సియస్ దాటాలి. మన వంటకి ఇది ఇబ్బందే కాదు: కుక్కర్‌లో ఐదారు కూతలు వచ్చాక నూనెలో వేపితే ఎప్పుడో దాటిపోతుంది. ఇబ్బంది గ్రిల్ మీద, అమెరికన్ స్నేహితుడు మధ్యలో గులాబీరంగు ఉండాలన్నప్పుడు వస్తుంది, అక్కడ థర్మామీటర్ గుచ్చి చూడాలి. కొవ్వు చాలా తక్కువ కాబట్టి బజారు పంది మాంసంలా కొవ్వు కరిగి వేగదు, నూనె కాస్త ఎక్కువ పోయాలి.

ఇంట్లో కుక్క ఉంటే పచ్చి ముక్కలు, ఎముకలు దాని దరికి చేరనివ్వకండి. సూడోరేబిస్ అనే వైరస్ మనుషులకు అంటడం చాలా అరుదు, కుక్కలకు సోకితే దాదాపు బతకవు, టీకా లేదు, మందూ లేదు. కత్తులు, కూలర్లు బ్లీచు నీళ్లతో కడిగేదాకా దాన్ని గరాజ్‌లోకి రానివ్వకండి.